తొంభై ఎనిమిది శాతం ఆడబిడ్డ

మా ఉపసంచాలకులు పరాంకుశం గారు ఏదో చల్లని కొండ మీద మూడు రోజుల సదస్సుకు వెళ్ళి, ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఒక సత్యం పట్టుకుని దిగివచ్చారు. శాలువా ఇంటికి తీసుకుపోయారు. జ్ఞాపికను బల్ల మీద పెట్టుకున్నారు. సత్యాన్ని మాకు పంచారు.

ఆ సత్యం ఏమిటంటే, సలహా చెప్పే మనిషి తన ఊరినీ ఇంటినీ పెంపకాన్నీ చెప్పుల్లా గుమ్మం బయట విడిచి గదిలోకి రాలేడని. ఎవరన్నారో గాని నిజమే అన్నారు. నేను జిల్లా ఆసుపత్రి వెనక ఉన్న మానసిక సలహా కేంద్రంలో రెండేళ్ళుగా పని చేస్తున్నాను. మాది శ్రీకాకుళం అవతల, సముద్రానికి దగ్గరి పల్లె. ఉద్యోగం వచ్చింది మాత్రం ఈ రాయలసీమ జిల్లాలో. మా ఇళ్ళలో ఎవరైనా ఏడిస్తే మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి, చూడనట్టు బయటికి పోతారు. ఇక్కడ అలా పోతే "ఏంది, యాడికి పోతాండావు?" అని ఏడుపు ఆపి మరీ అడుగుతారు. మొదటి నెలలో ముగ్గురి చేత అడిగించుకున్నాక కూర్చోవడం నేర్చుకున్నాను. అంతవరకు తెలుసుకుని మసలుకోండని ఆ సదస్సులో చెప్పి ఉంటారు. పరాంకుశం గారు కొండ దిగేసరికి అందులో సగం ఘాట్ రోడ్డు మలుపుల్లో ఎక్కడో జారిపోయింది.

ఆ రోజుల్లో ప్రతి మంగళవారం నా దగ్గరికి ఓబులమ్మ వచ్చేది. ఎర్రమిట్టపల్లె మనిషి, శనక్కాయల మిల్లులో పని. ముద్ద గొంతు దిగడం లేదని ఆసుపత్రిలో చూపించుకుంటే, గొంతులో ఏమీ లేదని తేల్చి మా దగ్గరికి పంపారు. రెండు మంగళవారాలు ఆమె ఫ్యాను చూస్తూ కూర్చుంది. మూడోసారి చెప్పింది.

"మా పాపకు వైశాఖంలో పద్దెనిమిది నిండుతాయి మేడం. నిండిన వారానికే పెండ్లి పెట్టినారు. మా ఆడబిడ్డ కొడుక్కు."

"మీకు ఇష్టం లేదా?"

"నన్నెవరడిగినారు?" అంది. "పాప నర్సు చదువుతానంటాది. వాళ్ళ నాయనకు చెప్పల్యా, నాకు చెప్పింది. ఇంగ నేనే పోయి మా వదినకు, ఆ పిలగాని అమ్మకు, చెప్పల్ల. ఆయమ్మ ముందర నిలబడితే నా నోరు తెరుచుకోదు. ఇరవై ఏండ్లయింది. ఆయమ్మ మాట్లాడతాది, నేను ఊకొడతా. మా ఇంటాయన గూడ ఊకొడతాడు. మా ఇంట్లో గోడలు గూడ ఊకొడతాయి" అంది.

మా అమ్మానాన్నలది మేనరికమే. ఆ మాట వింటే మా నాన్న వంటింటి వైపు తిరిగి మా అమ్మను "ఏటే, ఎక్కడున్నావు?" అని పిలిచే పిలుపు గుర్తొచ్చి మనసు మెత్తబడుతుంది. 'మంచిదే కదా' అనబోయి నాలుక కరుచుకున్నాను. అది మా ఇల్లు, ఇది ఆమె ఇల్లు. ఆమెకు కావలసింది నా అభిప్రాయం కాదు, తన నోట ఒక్క మాట.

"నేనే మీ వదిననుకోండి. ఆ మాట నాతో అనండి."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "నువ్వా! చింతబరికె మాదిరి ఉండావు. మా వదిన నీ అంతటోళ్ళు ముగ్గురు" అని మొదటిసారి నవ్వింది. ఆ తర్వాత నోరు తెరిచింది. మాట రాలేదు. నాలుగో వారం గొంతు దాకా వచ్చి ఆగింది. ఐదో వారం, వెళ్ళిపోతూ, గుమ్మం దగ్గర, నా వైపు వీపు పెట్టి, "పాపనియ్యను" అంది. తనే ఉలిక్కిపడింది. "వచ్చే వారం నీ మొగం చూసి అంటాలే" అని వెళ్ళింది.

వచ్చే వారం కంటే ముందు సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త సలహాదారులకు తెలియజేయడమైనది ఏమనగా, సలహా కోరువారి సంస్కృతికిని సలహా ఇచ్చువారి సంస్కృతికిని గల వ్యత్యాసమే మనోవేదన తగ్గకపోవుటకు మూలకారణమని గుర్తించడమైనది. కావున ఇకమీదట సాంస్కృతిక సామీప్యత డెబ్బై ఐదు శాతమునకు తగ్గినచో ఎవరును ఎవరి బాధను వినరాదు."

సామీప్యత కొలవడానికి పదిహేడు గడుల ఫారం. ఇంటిపేరు, ఇంటి దేవుడు, సంగటిలోకి ఏ కూర, ఏ మాంసం తింటారు, ఏది తినరు, ఊళ్ళో ఏ వీధి, ఆ వీధి ఊరికి ఏ దిక్కున, పెళ్ళిలో మొదటి తాంబూలం ఎవరికి, చావింట్లో ఎన్నో రోజున తలంటు, మేనరికం ఉందా లేదా. కులం గడి మాత్రం లేదు. కులం అడగడం అనాగరికమని పరాంకుశం గారు మొదటే స్పష్టం చేశారు. అడగకుండా తెలుసుకోవడానికే పదిహేడు గడులు పట్టాయి.

సమావేశంలో ఖాదర్‌వలి గారు లేచారు. ఆయన మా కేంద్రంలో అందరికంటే పాతవారు. పద్నాలుగేళ్ళలో ఆయన గది ముందు బెంచీ ఖాళీగా ఉండడం ఎవరూ చూడలేదు.

"సార్, మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో మూడు తరాలుగా తెలుగే. రంజానూ చేస్తాం, ఉగాది పచ్చడీ తింటాం. ఇంట్లో ఏ భాష అన్న గడిలో ఉర్దూ రాయలేను. ఇంటి దేవుడన్న గడిలో ఏమీ రాయలేను. ఎట్ల నింపేది?"

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీ సంస్కృతి మీద ప్రభుత్వానికి అపారమైన గౌరవం ఉంది వలీ గారూ. అయితే అది ఫారంలో ఇమడటం లేదు. ఇమిడేదాకా మీరు రికార్డు గదిలో ఉండండి."

అలా ఆ జిల్లాలో మనుషుల మాట వినడం బాగా వచ్చిన ఒకే ఒక మనిషి కాగితాల గదిలోకి వెళ్ళారు.

నాకు వచ్చిన శాతాలు ఎనిమిదికీ పందొమ్మిదికీ మధ్య ఉన్నాయి. అయినా నన్ను పంపేయలేదు. సలహాదారు తన సంస్కృతిని దాచరాదన్న రెండో సర్క్యులర్ ప్రకారం నా బల్ల మీద తాటాకు బుట్ట, గోడ మీద కొబ్బరి చెట్ల బొమ్మ పెట్టించారు. మా ఇంట్లో అలాంటి బుట్ట ఎప్పుడూ లేదు, ప్లాస్టిక్ డబ్బాలే. "వచ్చినవారిని మీ యాసలోనే పలకరించాలి, అది మీ హక్కు" అన్నారు. ఆయన చూస్తుండగా ఒక ముసలాయనతో "ఏటి బాబూ, బాగున్నారేటి?" అన్నాను. ముసలాయన చుట్టూ చూసి, "ఈయమ్మకేమయింది పాపం?" అని నర్సును అడిగాడు. శాతం కుదరక నాకు ఫారాలు నింపే పని ఇచ్చారు.

ఆ ముసలాయన పేరు చిన్న దస్తగిరయ్య. భార్య పోయిన దగ్గర్నించి నిద్ర లేదు. ఆయనకు కుదిరిన అత్యధిక సామీప్యత అరవై ఒకటి. డెబ్బై ఐదు వచ్చేదాకా 'సాంస్కృతిక నిరీక్షణ జాబితా'లో ఉంచమన్నారు. ఆయన నాలుగు రోజులు వరండాలో కూర్చున్నాడు. మూడో రోజు కన్నీళ్ళు పెట్టుకుంటే గుమస్తా పరుగున వచ్చి, "తాతా, నీది అరవై ఒకటే. ఇంగా టైముండాది, ఇప్పుడే ఏడవాకు" అన్నాడు. ఐదో రోజు రాలేదు. జాబితాలో ఉండి రావడం మానేసిన వారిని 'స్వస్థత పొందినవారు' అన్న గడిలో చూపించమని ఆదేశం. మొదటి నెలలోనే నూటపది మందికి స్వస్థత చేకూరింది.

అయినా సలహాదారులు చాలలేదు. ఆరుగురమే ఉన్నాం, వీధులు వేలు. అందుకని ఊరికొకరిని 'సాంస్కృతిక సహచరులు'గా తీసుకోవాలని మూడో సర్క్యులర్. చదువు ఎనిమిదో తరగతి చాలు. మనస్తత్వశాస్త్రం చదివినవారు తమ సంస్కృతిని అప్పటికే కొంత పోగొట్టుకుని ఉంటారు కనుక వారికి ప్రాధాన్యం లేదు.

ఎర్రమిట్టపల్లె నుంచి వచ్చిన మనిషిని ఇంటర్వ్యూ చేసేటప్పుడు ఫారం నింపడానికి నేనూ ఉన్నాను. విశాలమైన మనిషి, జరీ అంచు చీర. కుర్చీ ఒకసారి కిర్రుమని, ఇక నోరు మూసుకుంది. మీ ఊరి ఆచారాలు చెప్పమంటే నలభై నిమిషాలు ఊపిరి తీసుకోకుండా చెప్పింది. ఎవరింటికి ముందు పిలుపు పోవాలి, ఏ ఇంటి కోడలు ఏ ఇంటి గడప తొక్కకూడదు, ఎవరి ముత్తాత ఎవరి ముత్తాతకు ఎందుకు నీళ్ళు పోయలేదు. పరాంకుశం గారి కళ్ళు చెమర్చాయి. "సంస్కృతి మూర్తీభవించింది!" అన్నారు. పేరు వెంగమ్మ.

కొత్తవారికి ఒకరోజు శిక్షణ. పాఠం తయారు చేయడానికి ఎవరూ లేక, రికార్డు గదిలోంచి ఏదైనా తీసి ఇవ్వమని ఖాదర్‌వలి గారికి చెప్పారు. ఆయన ఒక్క పేజీ ఇచ్చారు. అందులో మూడే మాటలు. ఎదుటి మనిషి మాట్లాడేటప్పుడు మీరు మాట్లాడకూడదు. మీ అభిప్రాయం చెప్పకూడదు. ఇరవై నిమిషాల గంట మోగేదాకా లేవకూడదు. పరాంకుశం గారు చదవకుండా సంతకం పెట్టారు, కనుక అదీ నిబంధన అయిపోయింది.

సహచరులు కుదిరేదాకా రావద్దని నెల పైన ఆపేసిన ఓబులమ్మ మరుసటి మంగళవారం మళ్ళీ వచ్చింది. నన్ను చూసి నవ్వింది. "ఈపొద్దు నీ మొగం చూసే అంటా" అంది. నా చేతిలో ఫారం పెట్టుకుని పదిహేడు ప్రశ్నలూ అడిగాను. నేను అడుగుతున్న కొద్దీ ఆమె నవ్వు తగ్గుతూ వచ్చింది. లెక్క తీసిన గుమస్తా కేక పెట్టి పరాంకుశం గారి గదిలోకి పరుగెత్తాడు. అంతవరకు ఎవరికీ ఎనభై మూడు దాటలేదు. ఇది తొంభై ఎనిమిది. అదే ఊరు, అదే వీధి, ఒకరి పుట్టింటి పేరే ఇంకొకరి మెట్టినింటి పేరు, అదే ఇంటి దేవుడు, అదే కూర.

"సహచరి ఎవరు?" అన్నాను. వెంగమ్మ పేరూ ఆ పుట్టింటి పేరూ చూసేసరికి ఓబులమ్మ చెప్పిన వదిన ఎవరో అర్థమై పరాంకుశం గారి గదిలోకి వెళ్ళాను.

"సార్, వెంగమ్మ ఈవిడకు ఆడబిడ్డ. ఎవరి ముందు నోరు పెగలడం లేదని ఈవిడ వచ్చిందో, ఆ మనిషే."

"ఆడబిడ్డా!" ఆయన లేచి నిలబడ్డారు. నాకు ఒక్క క్షణం ఆశ కలిగింది. "అమ్మా దమయంతీ, సాంస్కృతిక సామీప్యతకు ఇంతకంటే పరాకాష్ఠ ఉంటుందా? ఫోటోగ్రాఫరును పిలిపించండి."

"ఈవిడ బాధే ఆ మనిషి సార్."

"బాధ అనేది మీ శ్రీకాకుళం దృక్కోణం. మీ సంస్కృతిని మరొకరి సంస్కృతి మీద రుద్దరాదు. నాలుగో పేరా చూడండి. మేనరికం వారి ఆచారం. దాని గురించి మాట్లాడే అర్హత ఎనిమిది శాతం గల మీకు ఉందా, తొంభై ఎనిమిది గల వెంగమ్మకు ఉందా? మీరే గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి."

బయటికి వచ్చి ఓబులమ్మకు చెప్పాను. ఆమె సంచీ తీసుకుని లేచింది.

"పోతా మేడం. ఇంట్లో నోరు ల్యాకనే గదా ఈడికి వచ్చింది. ఆయమ్మ ఈడికి గూడ వచ్చిందా?"

"పోవచ్చు. ఎవరూ ఆపరు," అన్నాను. "ఒక సంగతి మాత్రం చెప్తాను, ఆ తర్వాత మీ ఇష్టం. గదిలో ఇరవై నిమిషాలు ఆవిడ మాట్లాడకూడదు. లేవకూడదు. అది నిబంధన. సంతకం అయింది."

ఆమె నా వైపు తిరిగింది. "మాట్లాడకూడదా? మా వదినా?"

"సార్ పక్కనే కూర్చుంటారు."

ఓబులమ్మ సంచీ కింద పెట్టింది.

గదిలో వెంగమ్మ కుర్చీలో, ఓబులమ్మ ఎదుట బెంచీ అంచున, పరాంకుశం గారు ఒక పక్క, ఫోటోగ్రాఫరు ఒక పక్క, పరిశీలన ఫారంతో నేను మూల. వెంగమ్మ మరదల్ని చూసి కళ్ళు చిట్లించింది.

"ఏమ్మే, నువ్వా? మిల్లుకు పోతాండానని చెప్పి మంగళారం మంగళారం ఈడికా నువ్వొస్తాండేది? ఇంట్లో సంగటి ఎవరు..."

పరాంకుశం గారు చేతిలోని నిబంధనల పేజీ చూసి చూపుడువేలు ఎత్తారు. "మౌనం, వెంగమ్మ గారూ. నిబంధన ఒకటి."

వెంగమ్మ నోరు తెరిచే ఉంది. కాసేపటికి మూసుకుంది. ఓబులమ్మ ఆ మూసుకున్న నోటి వైపే చూస్తూ ఉండిపోయింది. నేను గడియారం చూశాను. రెండు నిమిషాలు పోయాయి.

"వదినా," అంది. గొంతు దగ్గర ఏదో కదిలింది. "పాపను మీ ఇంటికియ్యను."

వెంగమ్మ సగం లేచింది. "నిబంధన మూడు," అన్నారు పరాంకుశం గారు, ఫోటోకు ముఖం సర్దుకుంటూ. వెంగమ్మ కూర్చుంది.

ఆ తర్వాత ఓబులమ్మను ఆపగలిగేవాళ్ళు ఆ గదిలో లేరు. పాప మార్కులు చెప్పింది. నర్సు చదువుకు దరఖాస్తు బియ్యం డబ్బాలో దాచానని చెప్పింది. పెళ్ళయిన కొత్తలో కొన్న చెవి కమ్మలు ఎవరి చెవుల్లో ఉన్నాయో చెప్పింది, వెంగమ్మ చెయ్యి తెలియకుండానే చెవి మీదికి పోయింది. "నువ్వు చెడ్డదానివని అన్ల్యా వదినా. మాట నీదే, ఊకొట్టేది నాదే అయిపాయ. ఇంగ నేను ఊకొట్టను. పాప సంగతిలో మాత్రం ఊకొట్టను" అంది. మధ్యలో మూడుసార్లు వెంగమ్మ పెదవులు కదిలాయి, మూడుసార్లూ వేలు లేచింది.

గంట మోగింది. వెంగమ్మ కుర్చీ వెనక్కి పడేలా లేచింది.

"అయిపాయనా? అయిపాయనా నీ పురాణం? నీ కూతుర్ని నువ్వే పెట్టుకోమ్మే! నా కొడుక్కు పిల్లే దొరకదనుకుంటివా? నువ్వు కాళ్ళు కడిగి ఇచ్చినా మాకొద్దు పో!"

ఓబులమ్మ రెండు చేతులూ ఎత్తి ఆమెకు దండం పెట్టింది. ఫోటోగ్రాఫరు ఆ క్షణాన్నే పట్టుకున్నాడు. ఆ ఫోటో ఇప్పుడు రాజధానిలో మా శాఖ నివేదిక అట్ట మీద ఉంది. కింద 'సంస్కృతికి నమస్కరిస్తున్న లబ్ధిదారు' అని రాశారు.

పరాంకుశం గారు ఓబులమ్మను దగ్గరికి పిలిచి, సహచరి సంస్కృతిలో ఏ అంశం మీకు మేలు చేసిందో చెప్పమన్నారు.

"ఆయమ్మ నోరు మూసుకోని కూర్చుండేది సార్," అంది ఓబులమ్మ. "ఇరవై ఏండ్లలో ఈపొద్దే చూసినా."

ఆయన రాసుకున్నారు: 'సామీప్యత వలన గాఢమైన మౌనము సాధ్యపడినది.' ఆ వాక్యం మీద ఆయనకు మరో సదస్సుకు పిలుపు వచ్చింది, ఈసారి సముద్రం ఒడ్డున. పథకాన్ని అన్ని జిల్లాలకూ విస్తరించారు. కొన్నిచోట్ల అత్తగార్లను వెతికి మరీ నియమిస్తున్నారట.

ఓబులమ్మ ఇప్పుడు ముద్ద తింటోంది. పాప నర్సింగు ప్రవేశానికి ఫోటోలు దిగింది. దస్తగిరయ్య ఏమయ్యాడో కనుక్కోమని ఖాదర్‌వలి గారు నాలుగుసార్లు అర్జీ పెట్టారు. స్వస్థత పొందిన వారి వివరాలు గోప్యమని జవాబు వచ్చింది.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం భోజనాల వేళ, వెంగమ్మ నా గదిలోకి వచ్చింది. చేతిలో మెమో. 'సలహా గదియందు స్వీయ కుమారుని వివాహ ప్రస్తావన తెచ్చి, లబ్ధిదారుకు అభిప్రాయము వ్యక్తపరచినందులకు తమపై ఎందుకు చర్య తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'

"దీనికి జవాబు రాసియ్యమ్మా. ఆ కాగితం బాస నాకర్థం కాదు."

గంట మోగిన తర్వాత పలికిన మాట సలహా కిందికి రాదని రాసి ఇచ్చాను. ఆమె మడిచి జాకెట్టులో పెట్టుకుంది. లేవలేదు. తాటాకు బుట్ట అంచును గోటితో గీకుతూ కూర్చుంది.

"నా కొడుక్కు నత్తి," అంది. "ఊరందరికీ ఎరికే. ఎరికెల్యానిది ఒకటుండాది. వాడు అన్నం గావాలంటే గూడ సైగ చేస్తాడు. నాతో గూడ మాట్లాడడు. ఓబులమ్మ కూతురొక్కతితో మాట్లాడతాండె. ఆ పిల్ల ఎగతాళి చెయ్యదు, నగదు. బయటి పిల్ల వచ్చి నగితే వాడు ఇంగ నోరే తెరవడు. దానికోసరం ఆశపడినా. ఈ మాట మా తమ్మునికి గూడ చెప్పల్యా. చెప్తే నేను బతిమాలినట్లు గాదా?"

కళ్ళ నిండా నీళ్ళు. నేను లేచి బయటికి పోలేదు. అంతలో ఆమె చూపు బల్ల మీది ఫారాల దొంతర మీద పడింది.

"ఇదంతా దాంట్లో రాయల్నా?"

"రాయకూడదమ్మా. అసలు మీ మాట నేను వినకూడదు. మీకూ నాకూ పదకొండు శాతమే కుదిరింది."

"పదకొండు గూడ ఎక్కువే," అంది వెంగమ్మ ముక్కు చీదుతూ. "తలుపు మూసిరా."